ప్రైవేటీర్ రేసర్లు: అపోహలు - వాస్తవాలు

పాత రేస్ కార్ల ఇంజిన్లు విప్పి బిగించడమే నా పని, అందుకే 1950ల ఫార్ములా వన్ గురించి ఎవరు మాట్లాడినా చెవి అటే పోతుంది. ఫాంజియో, ఆస్కారీ లాంటి ఛాంపియన్లు అందరికీ తెలుసు గానీ ప్రైవేటీర్లు, అంటే కంపెనీ జట్టు (ఫ్యాక్టరీ) కాకుండా సొంత డబ్బుతో కారు కొనుక్కుని దిగినవాళ్ల గురించి వినేదంతా సగం సగమే. వాళ్లలో ఒకడైన ఫ్రెంచ్ డ్రైవర్ లూయీ రోజియే సంగతి పట్టుకుని చెప్తా.

అపోహ: వీళ్లంతా డబ్బెక్కువై సరదాకి వచ్చిన బాపతు.

నిజం: అలాంటోళ్లూ ఉన్నారు, థాయిలాండ్ యువరాజు బీరా రాజకుటుంబమే. కానీ రోజియేది ఫ్రాన్స్‌లోని క్లెర్మాంట్-ఫెరాండ్‌లో గ్యారేజీ, రెనో డీలర్‌షిప్. అప్పట్లో ఇలాంటోళ్లకి ప్రైజ్ మనీ కంటే స్టార్టింగ్ మనీ ముఖ్యం, అంటే కారు గ్రిడ్ (రేసు మొదలయ్యే చోటు) మీదకి తెచ్చినందుకే నిర్వాహకులు ఇచ్చే డబ్బు, ఎంతన్నది పేరుని బట్టి బేరం. ఈ ఆదివారం ఇంజిన్ పోతే వచ్చే రేసు ఆదాయం కూడా పోయినట్టే, పైగా రిపేరు ఖర్చు.

అపోహ: రోజియే మెల్లగా నడిపేవాడు, టాలెంట్ లేదు.

ఇది వింటే ఒళ్లు మండుద్ది. 1950లో మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రోజియే నాలుగోవాడు, కొన్ని రేసులు సొంత జట్టుతో, కొన్ని టాల్బో కార్ల కంపెనీ తరఫున. ముందున్న ముగ్గురూ అల్ఫా రోమియో ఫ్యాక్టరీ డ్రైవర్లే. ఆయన టాల్బో-లాగోకి 4.5 లీటర్ల ఇంజిన్ ఉన్నా సూపర్‌ఛార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో ఎక్కించే పంపు) లేదు, పవర్ తక్కువే, కానీ సూపర్‌ఛార్జర్ కార్లు పెట్రోలు తాగినట్టు తాగదు. 1949లో బెల్జియంలోని స్పా ట్రాక్ మీద ఫెరారీలు పెట్రోలు కోసం ఆగుతుంటే ఈయన ఒక్కసారి కూడా ఆగకుండా బెల్జియం గ్రాండ్ ప్రీ కొట్టుకుపోయాడు. దాన్ని మెల్లగా నడపడం అంటారా?

అపోహ: 1950 లె మాన్ 24 గంటల రేసు రోజియే తండ్రీకొడుకులు చెరిసగం నడిపి గెలిచారు.

నిజం: కొడుకు జాన్-లూయీ నడిపింది రెండు ల్యాపులే అంటారు, మిగతాదంతా 44 ఏళ్ల నాన్నే. మధ్యలో రాకర్ షాఫ్ట్ (ఇంజిన్ వాల్వుల్ని తెరిచే రాకర్లు ఉండే కడ్డీ) పోతే పిట్‌లో చాలాసేపు ఆగి మార్చి, లీడ్ పోగొట్టుకుని, మళ్లీ పట్టుకున్నాడు. నా పనిలో రాకర్ షాఫ్ట్ మార్చడమంటే టీ తాగుతూ నింపాదిగా చేసేది, రాత్రంతా నడిపినోడు అంతసేపు ఆగాక మళ్లీ సీట్లో కూర్చోవడం నా ఊహకి అందదు.

అపోహ: డబ్బిస్తే ఫ్యాక్టరీ కారే దొరికేది.

కారు దొరికేది, ఫ్యాక్టరీ ధైర్యం దొరికేది కాదు. 1954లో బ్రిటిష్ డ్రైవర్ స్టిర్లింగ్ మాస్ సొంతంగా మాసెరాటి 250ఎఫ్ కొన్నప్పుడు ఇంజిన్ కాపాడుకోవాలని ఆర్‌పీఎమ్ (ఇంజిన్ తిరిగే వేగం) తగ్గించి నడిపాడు, తర్వాత ఇంజిన్ పోతే మేం చూస్కుంటాం అని ఫ్యాక్టరీ వాళ్లు అన్నాకే పూర్తిగా తొక్కాడు. అదే కారు, అదే కాలు.

అపోహ: ప్రైవేట్ జట్లు గెలవలేదు.

గెలిచాయి. 1958 అర్జెంటీనాలో ప్రైవేట్ జట్టు యజమాని రాబ్ వాకర్ కూపర్ కారుతో మాస్, 1968లో బ్రిటన్‌లోని బ్రాండ్స్ హ్యాచ్‌లో అదే వాకర్ లోటస్‌తో జో సిఫెర్ట్. సిఫెర్ట్‌దే ఆఖరి ప్రైవేటీర్ గెలుపని చాలామంది లెక్క. నేనైతే 1970లో టిరెల్ జట్టు మార్చ్ కారు కొని డ్రైవర్ జాకీ స్టివార్ట్‌తో స్పెయిన్ గ్రాండ్ ప్రీ గెలిచింది కూడా కలుపుతా, ఒప్పుకోనివాళ్లు రండి కొట్లాడుకుందాం.