మొదటివాడు ఏడోవాడైన మధ్యాహ్నం: మళ్ళీ మొదలైన గొడవ

పిస్టల్ షూటర్ సౌరభ్ చౌధరి టోక్యో ఒలింపిక్స్ ఫైనల్ క్లిప్ మళ్ళీ ఫోన్లలో తిరుగుతోంది. పెద్ద షూటింగ్ పోటీ ఏదైనా దగ్గరపడిందంటే చాలు, ఎవరో ఒకరు దాన్ని పైకి తీస్తారు. నిన్న సాయంత్రం విశాఖ ఎంవీపీ కాలనీ రైతు బజారు పక్కన టీ కొట్టు దగ్గర నలుగురైదుగురు ఒకే ఫోన్ మీదికి వంగి చూస్తున్నారు. "క్వాలిఫికేషన్‌లో ఫస్టు, ఫైనల్లో ఏడు. ఏటి గురూ ఇది?" అన్నాడొకడు. "టెన్షన్ తట్టుకోలేనోడు అంత దూరం ఎందుకెళ్ళాలి?" అన్నాడు పక్కవాడు. నాలుగైదేళ్ళ కిందటి మాటలే, ఒక్క అక్షరం మారలేదు. సాయంత్రంలోగా నేపథ్యం రాసిమ్మని ఆఫీసు నుంచి ఫోన్.

అభినవ్ బింద్రా 2008 బీజింగ్ బంగారం దగ్గర్నుంచి మొదలుపెట్టను. అది అందరికీ కంఠతా వచ్చిన కథ. ఈ గొడవకి మూలం అక్కడ లేదు కూడా.

2021 జులై 24, శనివారం. అదే రోజు మీరాబాయి చాను వెయిట్‌లిఫ్టింగ్‌లో వెండి పతకం గెలిచింది. ఆ హుషారులో ఉండగానే పురుషుల 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ఫైనల్ వచ్చింది. క్వాలిఫికేషన్‌లో అంటే ఫైనల్‌కి ఎనిమిది మందిని ఎంచే తొలి రౌండులో, 60 షాట్లకు 586 కొట్టి సౌరభ్ పట్టికలో పైన ఉన్నాడు. వయసు 19. ఇక పతకం ఖాయం, రంగే తేలాలి అనుకున్నారు జనం. ఫైనల్ మొదలయ్యాక స్క్రీన్ మీద పేర్లు పైకీ కిందికీ దొర్లాయి. 14 షాట్లు అయ్యేసరికి సౌరభ్ 137.4తో (ఫైనల్లో ఒక్కో షాట్‌కి గరిష్ఠం 10.9) బయటికొచ్చేశాడు. ఏడో స్థానం. బంగారం 244.8తో ఇరాన్ షూటర్ జవాద్ ఫరూఘీకి పోయింది. క్వాలిఫికేషన్‌లో అతని స్కోరు 580. అంటే మనవాడి కంటే ఆరు తక్కువ.

టీవీ ముందు కూర్చున్నవాళ్ళ కోపమంతా ఆ ఆరు మీదే. ఆ ఆరు పాయింట్లు ఎటు పోయాయి?

గ్రూప్-1 రాసినవాళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు. ద్వారకానగర్‌లో ఏ కోచింగ్ సెంటర్ మెట్ల మీద కూర్చున్న కుర్రాణ్ణడిగినా చెబుతాడు: ప్రిలిమ్స్ మార్కులు మెయిన్స్‌లో కలపరు. ప్రిలిమ్స్‌లో టాపరైనా, కటాఫ్ మీద ఒక్క మార్కుతో గట్టెక్కినా, మెయిన్స్ హాల్లో ఇద్దరూ ఒకటే. ఇప్పటి షూటింగ్ ఫైనల్ అంతే. ఎనిమిది మంది లోపలికొస్తారు, ఎనిమిది మందికీ సున్నా. అయితే ఇది మొదట్నుంచీ ఉన్న పద్ధతి కాదు. పాత పద్ధతి మెయిన్స్, ఇంటర్వ్యూ లాంటిది. క్వాలిఫికేషన్ స్కోరుకి ఫైనల్ పది షాట్ల స్కోరు కలిపేవారు. 1988 సియోల్ నుంచి 2012 లండన్ దాకా ఒలింపిక్స్‌లో ఎయిర్ పిస్టల్, ఎయిర్ రైఫిల్ ఫైనళ్ళు అలాగే నడిచాయి.

నా లెక్కలో కథ తిరిగింది లండన్ తర్వాతే. 2013 నుంచి అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య కొత్త నిబంధనలు తెచ్చింది. ఫైనల్ సున్నా నుంచి మొదలు. కొన్ని షాట్లయ్యాక ఒక్కొక్కరే ఔట్. షాట్లు పడుతుండగా మ్యూజిక్ పెట్టాలి, ప్రేక్షకులు కేకలేసి ప్రోత్సహించాలి అని నిబంధనల్లోనే రాసుకున్నారు. అంతకుముందు ఫైనల్ హాల్ అంటే పరీక్ష హాలే, దగ్గితే తల తిప్పి చూసేవారు. ఈ మార్పు ఎవరి కోసమో సమాఖ్య దాచలేదు. చూసేవాళ్ళ కోసం, టీవీ కోసం.

అందులో అర్థముంది, కాదనను. ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. దాని మీద పడే పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లు. ఇది కంటికి కనిపించే ఆట కాదు. బీచ్ రోడ్డులో బెలూన్ల స్టాల్ దగ్గర జనం ఎందుకు మూగుతారు? పేలిందా లేదా అన్నది పదడుగుల దూరం నుంచి కూడా తెలుస్తుంది కాబట్టి. లండన్‌లోనే 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ ఫైనల్‌ని ఆ దారిలో పెట్టారు. 9.7, ఆపైన పడితే ఒక పాయింటు, లేకపోతే సున్నా. మన సైన్యానికి చెందిన విజయ్ కుమార్ 30 కొట్టి వెండి గెలిచింది ఆ ఫైనల్లోనే. అప్పుడు ఈ పద్ధతి బాగోలేదని మనవాళ్ళెవరూ అన్నట్టు నాకు గుర్తులేదు.

ఇక రెండో వైపు. మల్కాపురం దగ్గర ఉండే రిటైర్డ్ నేవీ చీఫ్ పెట్టీ ఆఫీసర్ ఒకాయన ఉన్నారు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ పిస్టల్ పట్టిన మనిషి. చుట్టుపక్కల పిల్లలకి సెలవుల్లో ఊరికే నేర్పుతుంటారు. అందరూ చీఫ్ గారనే పిలుస్తారు. నేను వెళ్ళేసరికి క్లిప్ ఆయన ఫోన్‌కి కూడా వచ్చేసింది, మూడు చోట్ల నుంచి.

"మీరే అడిగారు, మీకోసమే మార్చారు. మార్చాక ఓడిపోయినవాణ్ణి మీరే తిడుతున్నారు" అన్నారు ముందుగా. మీరంటే టీవీ చూసేవాళ్ళు.

ఆయన వాదన సూటిగా ఉంది. అరవై షాట్లు నిలబడి వేయడం షూటర్ అసలు సత్తా. ఒక షాట్ చెడితే దాన్ని మర్చిపోయి తర్వాతి షాట్‌కి మనసు ఖాళీ చేసుకోవడం, చెయ్యి అలిసే వేళకి హోల్డ్, అంటే గురి మీద చేతి నిలకడ, కాపాడుకోవడం, ఇవన్నీ అక్కడే తేలతాయి. ఆ పని బాగా చేసినవాడికి ఫైనల్లో చిన్న మొత్తమైనా చేతిలో ఉండేది. ఒకటి 8.9 పడినా ఊపిరి తీసుకునే వీలుండేది. ఇప్పుడు మొదటి పది షాట్లలో రెండు జారితే ఇంటికే. "పొద్దున్నంతా కూలి చేస్తే సాయంత్రం ఆ డబ్బులు లెక్కలో లేవన్నట్టు" అన్నారు.

తర్వాత లోపలికెళ్ళి లీటరు నీళ్ళ సీసా తెచ్చి నా చేతిలో పెట్టారు. పోటీ పిస్టల్ బరువు అటూ ఇటూ అంతే. చెయ్యి భుజం ఎత్తుకి చాపి, రెండో చెయ్యి జేబులో పెట్టుకుని, సీసాలో నీళ్ళు కదలకుండా నిలబడమన్నారు. ఫైనల్లో సింగిల్ షాట్‌కిచ్చే గడువు 50 సెకన్లు. ఆయన వాచీ చూస్తున్నారు. పన్నెండో సెకనుకి నీళ్ళ అంచు వణకడం మొదలైంది. ఇరవై దాటాక భుజం లోపల ఎవరో సూదితో గుచ్చుతున్నట్టుంది. ముప్ఫైకి దించేశాను. "షూటర్లు కూడా యాభైదాకా పట్టుకోరు. కుదరకపోతే దించి మళ్ళీ ఎత్తుతారు. అలా దించడం టీవీలో చూసి భయపడ్డాడంటారు మీవాళ్ళు. దించడమే తెలివి" అన్నారు.

పాత పద్ధతిలో నాటకీయత లేదన్న మాటని చీఫ్ గారు ఒప్పుకోరు. 2004 ఏథెన్స్‌లో అమెరికా షూటర్ మాథ్యూ ఎమన్స్ 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో చివరి షాట్ దాకా ముందున్నాడు. ఆ షాట్ పక్కవాడి టార్గెట్ మీద వేశాడు. బంగారం పోయింది. నాలుగేళ్ళ తర్వాత బీజింగ్‌లో అదే ఈవెంట్, మళ్ళీ ఆధిక్యం, చివరి షాట్ 4.4. నాలుగో స్థానం. "దీనికంటే ఏం సినిమా కావాలి మీకు?" అంటారాయన. దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది.

మ్యూజిక్, కేకల సంగతి ఎత్తితే 2016 రియో గుర్తుచేశారు. ఎయిర్ పిస్టల్ ఫైనల్లో బ్రెజిల్ కుర్రాడు ఫెలిపె వూ బంగారం కోసం నిలబడితే హాలంతా ఫుట్‌బాల్ స్టేడియమై కూర్చుంది. ఆ గోలలోనే వియత్నాంకి చెందిన హొవాంగ్ సువాన్ విన్ చివరి షాట్ 10.7 వేసి వాళ్ళ దేశానికి తొలి ఒలింపిక్ బంగారం తెచ్చాడు. మన జీతూ రాయ్ అదే ఫైనల్లో ఎనిమిదో స్థానంలో ఆగిపోయాడు.

సమాఖ్య మాట క్లుప్తంగా ఇంతే: ఆధిక్యం కలిపే పద్ధతిలో ఫైనల్ మొదలవకముందే సగం తేలిపోతుంది, చూసేవాళ్ళకి ఎవరు ఎందుకు ముందున్నారో అర్థం కాదు. ఈ వాదనకి బలమైన సాక్ష్యం మన దగ్గరే ఉంది. లండన్‌లో గగన్ నారంగ్ కంచు పతకం చూడండి. హైదరాబాద్‌లో పెరిగినవాడు కాబట్టి మనకి ఇంకాస్త దగ్గర. ఫైనల్ పది షాట్లలో గగన్ కొట్టింది 103.1. బంగారం గెలిచిన రుమేనియా షూటర్ ఆలిన్ మోల్డొవేను ఫైనల్ స్కోరూ సరిగ్గా అంతే. క్వాలిఫికేషన్‌లో అతను 599, గగన్ 598. ఆ ఒక్క పాయింటే ఫైనల్ చివరిదాకా వెంట వచ్చింది. మరి పారిస్ 2024లో స్వప్నిల్ కుశాలే? క్వాలిఫికేషన్‌లో 590తో ఏడో స్థానం, పైనున్న చైనా షూటర్ లియు యుకున్ 594. పాత లెక్కయితే నాలుగు పాయింట్ల వెనక నుంచి మొదలుపెట్టాలి. సున్నా నుంచి మొదలైంది కాబట్టి కంచు వచ్చింది. ఆ రోజు ఇదే టీ కొట్టు దగ్గర స్వీట్లు పంచారు.

ఈ మాట చెబితే చీఫ్ గారు నవ్వి, "మనకి పతకమొస్తే రూలు మంచిది, పోతే షూటర్ చెడ్డవాడు. అంతే కదా?" అన్నారు.

ఆ మధ్యలో సమాఖ్య మరోసారి తడబడింది కూడా. 2022లో ఫైనల్‌ని రెండు ముక్కలు చేసి, చివర ఇద్దరి మధ్య పోటీ పెట్టి, ముందు కనీసం 16 పాయింట్లు తెచ్చుకున్నవాడిదే గెలుపన్నారు. రుద్రాంక్ష్ పాటిల్ ఆ ఏడాది కైరోలో 17-13తో ప్రపంచ ఛాంపియన్ అయ్యింది ఆ పద్ధతిలోనే. 2023కల్లా మళ్ళీ ఒక్కొక్కరే ఔటయ్యే 24 షాట్ల ఫైనల్‌కి వచ్చేశారు. మిక్స్‌డ్ టీమ్‌కి మాత్రం 16 పాయింట్ల ఆట ఉంచారు. పారిస్‌లో మను భాకర్, సరబ్‌జోత్ సింగ్ కొరియా మీద 16-10 గెలిచింది అదే. ఒకే మనిషి ఒకే వారంలో రెండు రకాల స్కోర్‌బోర్డుల కింద ఆడితే ఇంట్లో చూసేవాళ్ళు తికమకపడరా?

అయినా చూసేవాళ్ళు నేర్చుకోలేదనలేం. టోక్యోలో క్వాలిఫికేషన్ మధ్యలో పిస్టల్ మొరాయించి మను ఫైనల్‌కి రాకపోతే నానా మాటలూ అన్నారు. మూడేళ్ళకి పారిస్‌లో ఆ అమ్మాయి కొరియా షూటర్ కిమ్ యేజీకి 0.1 వెనకబడి కంచుతో ఆగితే, ఆ 0.1 అంటే ఎంతో జనం వేళ్ళతో చూపించుకున్నారు. అదే పారిస్‌లో టర్కీకి చెందిన 51 ఏళ్ళ యూసుఫ్ దికెచ్ మామూలు కళ్ళద్దాలతో, జేబులో చెయ్యి పెట్టుకుని వెండి గెలిస్తే ప్రపంచమంతా ఆ ఫొటో పంచుకుంది. మన కుర్రాళ్ళు అలాగే నిలబడి బీచ్‌లో ఫొటోలు దిగారు. స్కోరు ఎంతో ఎవరూ అడగలేదు.

టీ కొట్టు కుర్రాడి దగ్గర ఒక మాట మిగిలింది, అది ఇక్కడ చెప్పకపోతే తప్పు. సౌరభ్ 2018 ఆసియా క్రీడల్లో బంగారం గెలిచింది కూడా సున్నా నుంచి మొదలయ్యే ఫైనల్లోనే. అప్పుడు 16 ఏళ్ళు. రూలు అదే, షూటర్ అతనే, మరి టోక్యోలో ఏమైంది అన్నాడు. దీన్ని ఫోన్లో చీఫ్ గారికి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. "పదహారేళ్ళప్పుడు అతనెవరో ఎవరికీ తెలీదు కదా" అన్నారు చివరికి. తర్వాత, ఆ క్లిప్ ముందు భాగం ఎవరి దగ్గరైనా ఉంటే పంపమన్నారు. తిరుగుతున్న ముక్కలో సౌరభ్ బయటికొచ్చేదే ఉంది, మొదటి పది షాట్లు లేవు.