మందు పెట్టినా పేలు ఎందుకు పోవట్లేదు? ముందు పేను ఎంతుందో చూడండి

పిల్లల తలలో పేలు పడితే మందు పెడతాం, తలస్నానం చేయిస్తాం, దువ్వుతాం. ఓ వారం బాగానే గడుస్తుంది. ఆ తర్వాత పిల్ల మళ్లీ తల గోక్కోవడం మొదలుపెడుతుంది. అప్పుడు చాలామంది చేసే పని ఒకటే, ఈ మందు పనికిరాదని ఇంకో మందు తెచ్చుకోవడం. అదీ పనిచేయకపోతే మూడోది. ఇలా నెలల తరబడి ఆ చిన్న తల మీద రకరకాల మందులు పోసి, పిల్ల ఏడుస్తుంటే పట్టుకుని దువ్వి, అమ్మా పిల్లా ఇద్దరూ అలిసిపోయిన ఇళ్లు ఎన్నో.

మందు మార్చేముందు ఒక్క పని చేయమని నా మనవి. తలలో దొరికిన పేను ఎంత ఉందో చూడండి. అది పెద్దదా, చిన్నదా, అసలు పాకే పేను దొరికిందా లేక వెంట్రుకలకి అంటుకున్న ఈపులే కనిపిస్తున్నాయా, మందు పెట్టాక ఎన్నో రోజున దొరికింది? దొరికినదాన్ని ఓ పారదర్శకమైన టేపు ముక్క మీద అంటించి పక్కన తేదీ రాసి పెట్టుకుంటే ఇంకా మంచిది. "మళ్లీ వచ్చాయి" అని మనం ఒకే మాటగా అంటాం కానీ దాని వెనక వేరువేరు కారణాలుంటాయి, ఒక్కో కారణానికి చేయాల్సిన పని ఒక్కోటి. ఏ కారణమో పేను సైజూ తేదీ కలిపి చూస్తే దాదాపుగా తెలిసిపోతుంది.

దానికి ముందు పేను బతుకు లెక్క కొంచెం తెలియాలి. ఎదిగిన ఆడ పేను రోజుకి 8 దాకా గుడ్లు పెడుతుంది. వాటినే ఈపులంటాం. నెత్తి వెచ్చదనం తగిలేంత దగ్గరగా, సాధారణంగా చర్మానికి 6 మిల్లీమీటర్ల లోపు, ఒక్కో గుడ్డునీ ఒక్కో వెంట్రుకకి జిగురుతో అంటించేస్తుంది. 6 నుంచి 9 రోజుల్లో అది పగిలి పిల్లపేను బయటికొస్తుంది. అప్పుడు దాని పొడవు సుమారు ఒక మిల్లీమీటరు, దువ్వెనలోంచి తెల్ల గుడ్డ మీద పడినా పరీక్షగా చూస్తే తప్ప కనపడదు. మూడుసార్లు పొర వదిలి, 9 నుంచి 12 రోజుల్లో నువ్వు గింజంత పెద్ద పేనవుతుంది, ఆపైన తానూ గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. తల మీద ఉంటే నెల దాకా బతుకుతుంది. రోజుకి కొన్నిసార్లు రక్తం తాగాలి కాబట్టి తల వదిలి కింద పడితే ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది.

ఇప్పుడు లెక్క వేయండి. మందు పెట్టిన మర్నాడు కూడా పెద్ద పేలు మునుపటిలాగే చురుగ్గా పాకుతున్నాయంటే, దువ్వితే చచ్చినవి ఒక్కటీ రాలట్లేదంటే, మందు పనిచేయలేదని అర్థం. కొన్ని మాత్రం మందకొడిగా కదులుతుంటే కంగారు పడి మళ్లీ మందు పోయకండి, అవి చావడానికి కొంత టైం పడుతుంది, దువ్వెనతో తీసేస్తే చాలు. అలా కాకుండా మొదట్లో అన్నీ చచ్చి, వారం పది రోజులకి చిన్నచిన్న పిల్లపేలు మాత్రమే దొరికాయనుకోండి, మందు తన పని తాను చేసింది, గుడ్లు మిగిలిపోయాయి. ఎక్కువగా వాడే పెర్మెత్రిన్ మందు పాకే పేలని చంపుతుంది కానీ ఇంకా పొదగని గుడ్లని చంపదు. అందుకే రెండోసారి పెట్టమంటారు, 9వ రోజు ప్రాంతంలో. ఈ రెండోసారే అందరూ మర్చిపోతారు, ఎందుకంటే అప్పటికి దురద తగ్గి ఉంటుంది, తల చూస్తే శుభ్రంగా కనిపిస్తుంది. ఇంకొందరు ఆత్రంగా మూడో రోజుకే పెట్టేస్తారు, అప్పటికి గుడ్లు చాలావరకు పొదగనే లేదు కాబట్టి అది వృథా. మూడు వారాల తర్వాత పెడితేనేమో పిల్లపేలు పెద్దవై కొత్త గుడ్లు పెట్టేసి ఉంటాయి.

మూడో సంగతి నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపిస్తుంది. మందు పెట్టి, దువ్వి, తలలో పాకేది ఏదీ లేదని సరిగ్గా చూసుకున్నాక, ఓ వారానికే పెద్ద పేను ఒకటి దొరికిందనుకోండి. మిగిలిపోయిన గుడ్డు మందు పెట్టిన మర్నాడే పొదిగిందనుకున్నా, అందులోంచి వచ్చిన పిల్లపేను అంత పెద్దది కావడానికి ఎంత తక్కువ వేసుకున్నా ఇంకో 9 రోజులు కావాలి. కాబట్టి అది ఆ తలలో పుట్టింది కాదు, వేరే తల నుంచి పాకి వచ్చింది. అంటే ఇక్కడ మందు తప్పు లేదు, పిల్ల తప్పు అంతకన్నా లేదు. అక్కచెల్లెళ్లో, పక్కలో పడుకునే అమ్మో అమ్మమ్మో, తలకి తల ఆనించి కూర్చుని ఆడుకునే స్నేహితురాలో, ఎవరో ఒకరి తలలో ఇంకా ఉన్నాయి. పేను ఎగరలేదు, దూకలేదు, జుట్టుకి జుట్టు తగిలినప్పుడు పాకడమే దానికి ముఖ్యమైన దారి.

పైగా ఆ రెండో మనిషికి తెలియకపోవచ్చు కూడా. దురద పేను కుట్టడం వల్ల నేరుగా రాదు, దాని లాలాజలానికి మన ఒంట్లో పుట్టే అలర్జీ వల్ల వస్తుంది, మొదటిసారి పేలు పట్టినవాళ్లకి ఆ అలర్జీ మొదలవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అందుకే "నాకు దురద లేదు, నా తలలో లేవు" అనే మాట నమ్మకూడదు. ఇంట్లో అందరి తలలూ ఒకే రోజు చూడాలి, పాకే పేలు ఉన్నవాళ్లందరికీ ఒకే రోజు మందు పెట్టాలి. ఒకళ్లకి ఇవాళ, ఇంకొకళ్లకి వచ్చే ఆదివారం అంటే ఈ తల నుంచి ఆ తలకి తిరుగుతూనే ఉంటాయి.

ఇక నాలుగోది, పాకే పేలు ఏమీ లేకుండా తెల్లటి ఈపులు మాత్రమే కనపడడం. వెంట్రుక నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, ఈపి అంటుకున్న చోటే ఉండి వెంట్రుకతో పాటు బయటికి జరుగుతుంది. కాబట్టి చర్మానికి రెండు సెంటీమీటర్ల దూరంలో ఉన్న ఈపి రెండు నెలల కిందటిది, అది ఎప్పుడో పొదిగి ఖాళీ అయిన గుల్ల, లేదా చచ్చిన గుడ్డు. దానికి మందు పెట్టడం దండగ. మందు పెట్టాక వారం రెండు వారాలు దురద ఉండడం కూడా మామూలే, అలర్జీ తగ్గడానికి టైం పడుతుంది. ఈ గుల్లలు చూసి, ఆ దురద చూసి, పేలు లేని పిల్లలకి మళ్లీ మళ్లీ మందులు పెట్టడం చాలా ఇళ్లలో జరుగుతోంది, నెత్తి పొడిబారి మంట పుట్టి ఇంకా గోక్కుంటారు పాపం. ఈపులు వెనిగర్‌తో కరిగిపోతాయన్న మాట కూడా నమ్మకండి. ఆ జిగురు ప్రోటీనే, వెంట్రుకా ప్రోటీనే, జిగురుని కరిగించేంత ఘాటైనది పోస్తే జుట్టూ పాడవుతుంది. గుల్లలు చూడ్డానికి బాగోలేవనుకుంటే గోటితోనో దువ్వెనతోనో లాగేయడమే.

మందు నిజంగానే పనిచేయని సందర్భానికి వద్దాం. పెర్మెత్రిన్ పేను నరాల్లోకి సోడియం వెళ్లే సన్నని ద్వారాలని మూసుకోనివ్వకుండా చేసి, దాన్ని పక్షవాతంతో చంపుతుంది. ఒకే కుటుంబానికి చెందిన మందులు దశాబ్దాల పాటు వాడడంతో, ఆ ద్వారం ఆకారం కొంచెం మారిన పేలు బతికి బట్టకట్టి, వాటి సంతానమే మిగిలింది. అమెరికాలో 48 రాష్ట్రాల నుంచి పేలు సేకరించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో ఈ మార్పు ఉన్న జన్యువు సగటున 98 శాతం దాకా కనిపించింది. అన్ని చోట్లా ఇంత ఉంటుందని కాదు, కానీ మందు సరిగ్గా పెట్టినా పెద్ద పేలు బతికే ఉంటే అదే మందు ఇంకో రెండు సీసాలు పోసి లాభం లేదు.

"సరిగ్గా పెట్టినా" అన్నాను, అదీ చూసుకోవాలి. పెర్మెత్రిన్ పెట్టేముందు తలకి కండిషనర్ రాస్తే మందు వెంట్రుకలకి పట్టదు. నీళ్లు కారే తలకి పెడితే పలచబడిపోతుంది. పొడవాటి ఒత్తు జుట్టుకి సగం సీసాతో సరిపెడితే మెడ వెనకా చెవుల వెనకా ఉన్నవి హాయిగా బతుకుతాయి, నిజానికి అవి ఎక్కువగా ఉండేదే అక్కడ.

రసాయనం పనిచేయనప్పుడు నాకు బాగా నచ్చిన దారి డైమెథికోన్. ఇది ఒక రకం సిలికోన్ నూనె, విషం కాదు. పేను తాగే రక్తంలో ఎక్కువ భాగం నీళ్లే, ఆ అదనపు నీటిని అది ఒంటి పక్కలనున్న శ్వాసరంధ్రాల గుండా ఆవిరిగా బయటికి పంపుతుంది. డైమెథికోన్ ఆ రంధ్రాల్లోకి చేరి దారి మూసేస్తుంది. ఊపిరాడక చస్తుందని మొదట అందరూ అనుకున్నారు, కానీ ఇంగ్లండ్‌లో ఇయాన్ బర్జెస్ 2009లో చేసిన పరిశోధనలో తేలింది ఏంటంటే నీరు బయటికి పోలేక లోపలే నిండిపోయి, పక్షవాతం వచ్చో పేగు పగిలో చస్తుందని. నరాల మీద పనిచేసే మందు కాదు కాబట్టి పాత మందులకి లొంగని పేలు కూడా దీనికి లొంగుతాయి. ఒక్క జాగ్రత్త, ఇలాంటి కొన్ని లోషన్లు అంటుకుంటాయి, తల కడిగేదాకా పిల్లల్ని పొయ్యి దగ్గరికీ దీపం దగ్గరికీ రానివ్వకండి. ఇవి కాక స్పినోసాడ్, ఐవర్‌మెక్టిన్ లోషన్లున్నాయి. మామూలు మందులకి లొంగని పేలున్న కుటుంబాల్లో ఐవర్‌మెక్టిన్ మాత్రలు వారం తేడాతో రెండుసార్లు ఇచ్చి చూసిన అధ్యయనం 2010లో వచ్చింది, 15వ రోజుకి 95 శాతం మందికి పేలు పోయాయి, మలాథియాన్ లోషన్ వాడినవాళ్లలో అది 85 శాతం. కానీ ఆ మాత్రలు 15 కిలోల లోపు పిల్లలకి ఇవ్వరు, డాక్టర్ చెప్పకుండా ఎవరికీ ఇవ్వకూడదు.

ఏ మందు వాడినా, అసలు మందే వాడకపోయినా, దువ్వెన లేకుండా పని జరగదు. ఇజ్రాయెల్‌లోని లాకీష్ తవ్వకాల్లో దొరికిన సుమారు 3,700 ఏళ్ల నాటి చిన్న ఏనుగు దంతపు దువ్వెన మీద, ఈ దంతం జుట్టులోనూ గడ్డంలోనూ పేలని తీసేయుగాక అన్న అర్థంలో ఒక వాక్యం చెక్కి ఉంది, పళ్ల మధ్య పిల్లపేల అవశేషాలు కూడా దొరికాయి. అన్నేళ్ల కిందట ఎవరో పడ్డ అవస్థే ఇవాళ మనదీ. తేడా అల్లా ఇప్పుడు ఎప్పుడు దువ్వాలో మనకి తెలుసు.

పొడి జుట్టు పాయలు తీసి కళ్లతో వెతికితే చాలా పేలు తప్పించుకుంటాయి, వెలుతురు పడగానే అవి పక్కకి పారిపోతాయి. జర్మనీలో 2009లో పోల్చి చూస్తే, కళ్లతో వెతికినప్పుడు పాకే పేలున్న పిల్లల్లో 29 శాతం మందినే పట్టుకోగలిగారు, తడి జుట్టుని దువ్వి చూసినప్పుడు 90 శాతం మందిని. తల తడిపి, కండిషనర్ బాగా పట్టించి (ఇది మందు పెట్టని రోజుల మాట), ముందు మామూలు దువ్వెనతో చిక్కు తీయండి. తర్వాత సన్న పళ్ల పేల దువ్వెనని నెత్తి చర్మానికి ఆనించి, పాయ తర్వాత పాయ, మొదలు నుంచి చివరి దాకా లాగి, ప్రతిసారీ తెల్ల గుడ్డకి తుడిచి చూడండి. తడిలో, కండిషనర్ జారుడులో పేలు పరిగెత్తలేవు. ఒకటో రోజు, 5, 9, 13వ రోజుల్లో దువ్వి, 17వ రోజు ఇంట్లో అందరి తలలూ ఇంకోసారి చూడాలి. మధ్యలో నాలుగు రోజులే ఎందుకంటే ఆలోపు పుట్టిన పిల్లపేను పెద్దదై గుడ్లు పెట్టేంత వ్యవధి దానికి దొరకదు. బ్రిటన్‌లో 2005లో ఈ పద్ధతిని షాపుల్లో దొరికే పేల మందులతో పోల్చితే, దువ్విన పిల్లల్లో 57 శాతం మందికి, మందు పెట్టినవాళ్లలో 13 శాతం మందికి పేలు పోయాయి. 57 గొప్ప అంకె కాదని నాకూ తెలుసు. పొడవు జుట్టుకి ఒక్కోసారి అరగంట పైనే పడుతుంది, మధ్యలో ఒక విడత మానేస్తే లెక్కంతా మొదటికొస్తుంది, అందుకే వీలైతే మందూ దువ్వెనా రెండూ కలిపి చేయమంటాను.

ఇల్లంతా కడగడం గురించి ఎక్కువ టెన్షన్ వద్దు. ఆస్ట్రేలియాలో 118 తరగతి గదుల్లో వెతికితే పిల్లల తలల్లో 14 వేలకు పైగా పేలు దొరికాయి, నేల మీద ఒక్కటీ దొరకలేదు. దిండు గలీబులు, తువ్వాళ్లు వేడి నీళ్లలో ఉతికి, దువ్వెనలు వేడి నీళ్లలో ముంచితే సరిపోతుంది. పరుపులకీ సోఫాలకీ పురుగుల మందు కొట్టడం మటుకు అస్సలు వద్దు.

కిరోసిన్, పెట్రోలు, మొక్కలకి కొట్టే మందులు, జంతువుల పేల మందులు పిల్లల తలకి ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి. కాలిన గాయాలతోనూ విషం ఎక్కీ పిల్లల ప్రాణాల మీదికి వచ్చింది. తల పేలు ఏ జబ్బునీ మోసుకురావు, టైఫస్ లాంటివి తెచ్చేది బట్టల్లో ఉండే పేలు. అలాంటి దానికోసం ప్రాణాపాయం కొనితెచ్చుకోవడం ఏ రకంగానూ సరికాదు.

పేలకి మురికితో సంబంధం లేదు, రోజూ తలస్నానం చేసే జుట్టులోనూ అవి అంతే హాయిగా ఉంటాయి. అయినా ఇంట్లో ఈ మాట బయటికి పొక్కకూడదనుకుంటాం, స్నేహితురాలి అమ్మకి చెప్పం, ఆవిడా మనకి చెప్పదు, రెండు తలల మధ్యా అవి తిరుగుతుంటాయి. నిందగా కాకుండా "మా పిల్లకి పేలు పడ్డాయి, ఈ ఆదివారం మందు పెడుతున్నా, మీ పిల్ల తల కూడా ఓసారి చూడండి" అని చెప్తే ఇద్దరు పిల్లలకీ మంచిది. దీనికోసం పిల్లల్ని స్కూల్ మాన్పించక్కర్లేదు, అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా అదే చెప్తుంది. పిల్లని క్లాసులో వేరే కూర్చోబెట్టడం, అందరి ముందూ తల చూడడం వల్ల పేలు తగ్గవు, ఆ చిన్న మనసు గాయపడుతుంది అంతే.

గోక్కుని నెత్తి మీద పుండ్లు పడ్డా, చీము, పసుపు రంగు పొక్కులు కనపడ్డా, మెడ వెనక గడ్డలు తగిలినా, జ్వరం వచ్చినా అది పేల మందుతో తగ్గేది కాదు, బాక్టీరియా చేరింది, డాక్టర్‌కి చూపించాలి. రెండేళ్ల లోపు పిల్లలకి, గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి ఏ మందైనా అడిగే వాడండి, నెలల పసికందుకైతే మందు జోలికి పోకుండా దువ్వెన ఒక్కటే. రెండుసార్లు సరిగ్గా, సరైన రోజున మందు పెట్టి, ఇంట్లో అందరి తలలూ చూసి, అయినా పెద్ద పేలు దొరుకుతుంటే, ఇక సొంతంగా మూడో మందు కొనకుండా ఆ టేపు ముక్కలు తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఏ మందు ఏ తేదీన పెట్టారో చెప్పండి.