అప్పు ఇచ్చిన అడ్తికే అమ్మాలా? మార్కెట్ స్వేచ్ఛపై అపోహలు - వాస్తవాలు

మిర్చి సీజన్ మొదలైందంటే నాకు వచ్చే ఫోన్లలో రేటు గురించి అడిగేవాళ్లు తక్కువ. "అడ్తి దగ్గర పైసలు తెచ్చుకున్న సార్, సరుకు వేరే దిక్కు అమ్మితే కేసు అయితదా?" అని అడిగేవాళ్లే ఎక్కువ. అడ్తి అంటే మార్కెట్‌లో కమీషన్ ఏజెంటు. వరంగల్ చుట్టుపక్కల రైతు సంఘాలకు అమ్మకాలు, లెక్కలు చూసే పని నాది. ఈ ఒక్క భయం రైతుకు చేసినంత నష్టం తెగుళ్లు కూడా చేయవేమో అనిపిస్తుంది.

అపోహ: అప్పు ఇచ్చిన అడ్తికే సరుకు వేయాలి.

వాస్తవం: అప్పు వేరు, అమ్మకం వేరు. మీరు సంతకం పెట్టిన ప్రామిసరీ నోటు డబ్బు తిరిగి ఇస్తానని చెప్తుంది, పంట ఆయనకే వేస్తానని కాదు. ఖమ్మంలో అమ్మి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో బాకీ తీర్చినా తప్పు లేదు. ఇంకో మాట. అడ్తి సరుకు కొనేవాడు కాదు. మీ తరఫున ఖరీదుదారుకు, అంటే కొనే వ్యాపారికి, అమ్మిపెట్టి కమీషన్ తీసుకునేవాడు. మీకు ఎక్కువ రేటు తేవడమే ఆయన పని. మీరు ఎటూ పోలేరని తెలిశాక ఆయన ఎందుకు కష్టపడతాడు?

లెక్క చూడండి. నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చారు. ఎనిమిది నెలలకు వడ్డీ 16,000. ఆ మొహమాటంతో 20 క్వింటాళ్ల మిర్చి క్వింటాకు 1,500 తక్కువకు వదిలేశారనుకుందాం. అక్కడ పోయింది 30,000. రెండూ కలిపితే 46,000. రెండు రూపాయల వడ్డీ అనుకున్నది దాదాపు ఆరు రూపాయలు పడింది. ఈ రెండో ముక్క ఏ నోటు మీదా కనపడదు.

పరకాల వైపు నుంచి, అప్పిచ్చిన అడ్తికే సరుకు వేసిన ఒక కౌలు రైతు వచ్చాడు. ఆయన తక్‌పట్టీని (అమ్మకం లెక్క రాసిచ్చే చీటీ), బామ్మర్ది తక్‌పట్టీని టేబుల్ మీద పక్కపక్కన పెట్టాం. ఇద్దరిదీ తేజ రకం మిర్చే, ఒకే వారం అమ్మారు. హమాలీ, దడ్వాయి (తూకం వేసేవాడి) ఖర్చులు ఇంచుమించు సమానం. తేడా అంతా రేటు గడిలో, తరుగులో ఉంది. ఆయన చాలాసేపు వాటినే చూసి, "మరి వచ్చే ఏడు విత్తనాలకు పైసలు ఎవరిస్తరు సార్?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్న. పట్టా ఉన్నవాళ్లకు కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల దాకా 7 శాతానికి అప్పు దొరుకుతుంది, టైంకు కడితే 4 శాతమే పడుతుంది. కౌలు రైతుకు ఆ దారి దాదాపు మూసుకుపోయింది. ఎందుకు? కౌలుదారును కాపాడాలని 1950లో తెచ్చిన కౌలుదారీ చట్టం వల్ల, కాగితం రాస్తే భూమి పోతుందని యజమానికి భయం పట్టుకుంది. కౌలు నోటిమాటగా మిగిలింది. 2011లో సాగుదారులకు రుణ అర్హత కార్డులు తెచ్చినా ఆ భయం పోలేదు. ఇద్దరూ ఇష్టపడి రాసుకునే ఒప్పందానికి చట్టమే అడ్డు పడితే, నష్టపోయేది ఆ చట్టం ఎవరి కోసం వచ్చిందో వాళ్లే. ఈ ముడి విప్పకుండా అడ్తిని తిట్టి లాభం లేదు. బ్యాంకు ఇవ్వని రోజున చేతిలో డబ్బు పెట్టింది ఆయనే.

మిగతావి త్వరగా చెప్తాను.

మద్దతు ధర అన్ని పంటలకూ ఉందనుకుంటారు. కేంద్రం ప్రకటించే 22 పంటల జాబితాలో మిర్చి, పసుపు లేవు. పత్తికి ఉంది, 2025-26లో పొడవు పింజకు క్వింటాకు 8,110 రూపాయలు. ఆ ధరకు కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కొంటుంది. ప్రైవేటు వ్యాపారి కూడా కచ్చితంగా ఆ రేటే ఇవ్వాలనే కేంద్ర చట్టం లేదు. తేమ 8 శాతం దాటితే సీసీఐలోనూ కోత పడుతుంది, 12 దాటితే వాళ్లూ తీసుకోరు.

యార్డు వేలంలో జెండా పాట రేటు అందరికీ వస్తుందనుకోవడం ఇంకొకటి. అది ఆ రోజు మేలైన సరుకుకు పలికిన రేటు. వాట్సాప్‌లో ఆ అంకె చూసి బండి కట్టకండి.

యార్డు బయట కూడా అమ్ముకోవచ్చన్న 2020 నాటి కేంద్ర సాగు చట్టాలు 2021 చివర్లో రద్దయ్యాయి కాబట్టి సొంత జిల్లా యార్డు దాటకూడదని కొందరు చెప్తున్నారు. పుకారు. లైసెన్స్ కావాల్సింది సరుకు కొనే వ్యాపారికి, సొంత పంట అమ్ముకునే రైతుకు కాదు. ములుగు, మహబూబాబాద్ సరుకు ఎనుమాములకు రావడం లేదా?

స్వేచ్ఛా మార్కెట్ అంటే ప్రభుత్వం చేతులెత్తేయడం అని కూడా అంటారు. కాదు. కాంటా సరిగ్గా ఉండాలి, ఒప్పందం అమలు కావాలి, డబ్బు ఎగ్గొట్టినవాడిని పట్టుకోవాలి. ఇవి ప్రభుత్వమే చేయాలి. కొనేవాళ్ల సంఖ్య తగ్గించే పని మాత్రం చేయకూడదు. 2023 జులైలో తెల్ల బియ్యం ఎగుమతి ఆపినప్పుడు బయటి దేశాల కొనుగోలుదారులు ఒక్క రాత్రిలో పాట నుంచి తప్పుకున్నారు. నర్సంపేట దగ్గర లక్నెపల్లిలో పుట్టిన పి.వి. 1991లో చాలా పరిశ్రమలకు లైసెన్సుల బాధ తప్పించారు. పంట పండించేవాడికి అంత స్వేచ్ఛ ఇప్పటికీ రాలేదు.

ఈసారి అడ్తి దగ్గర బాకీ ఉన్నవాళ్లు సరుకు దించకముందే అసలు ఎంత, వడ్డీ ఎంత అని కాగితం మీద రాయించుకోండి. ఎక్కడ ఎక్కువ రేటు వస్తే అక్కడ అమ్మండి. బాకీ బ్యాంకు ద్వారా కట్టి, అదే రోజు నోటు వెనక్కి తీసుకోండి.