బీపీ మాత్రలు వేసుకుంటే గుండెకు రక్తం తగ్గుతుందా? అపోహలు - వాస్తవాలు

అపోహ: బీపీ తగ్గిస్తే గుండెకు రక్తం అందదు.

"ప్రెషర్ లేకపోతే పై అంతస్తుకు నీళ్లెక్కవు కదా డాక్టర్ గారూ" అని ఓపీలో అడుగుతుంటారు. ప్రశ్న మంచిదే. కానీ గుండె నాళాలు ఉత్త పైపులు కావు. ఒత్తిడి కొంత తగ్గితే వాటంతట అవే వెడల్పై, కావలసినంత రక్తాన్ని రానిస్తాయి.

ఇంకో సంగతి. ఎడమ జఠరిక (ఒళ్లంతటికీ రక్తాన్ని పంపే గుండె గది) కండరానికి రక్తం ఎక్కువగా అందేది గుండె సడలినప్పుడే. ముడుచుకున్నప్పుడు కండరం తనలోని సన్న నాళాలను తానే నొక్కేస్తుంది. నాడి 100 నుంచి 60కి దిగితే ఒక్కో స్పందనకు 0.6 సెకన్ల బదులు పూర్తి సెకను దొరుకుతుంది. ఆ మిగులులో ఎక్కువ భాగం సడలడానికే పోతుంది. నాడిని నెమ్మదింపజేసే మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు చేసే మేలు ఇదే. ఆమ్లోడిపిన్ అయితే గుండె నాళాలను కూడా వెడల్పు చేస్తుంది, అందుకే యాంజైనాకూ (గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీనొప్పికి) రాస్తాం. గుండెను నిజంగా ఆకలితో మాడ్చేది ఏళ్ల తరబడి వదిలేసిన బీపీ. గుండె గోడ మందమై ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, లోపలి పొరకు రక్తం చేరడం కష్టమవుతుంది.

అపోహ: బీపీ 200 ఉంటే వెంటనే దించేయాలి.

ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడటం ఉంటే నేరుగా ఆసుపత్రికే. అవేవీ లేకపోతే మెల్లగా దించాలి. ఒకప్పుడు బీపీని దించే నిఫెడిపిన్ క్యాప్సూల్‌ని సూదితో పొడిచి నాలుక కింద పిండేవారు. బీపీ ఒక్కసారిగా పడిపోయి, గుండె దడదడలాడి, కొందరికి గుండెపోటే వచ్చింది. ఈ పద్ధతి మానేయాలని 1996లోనే జామా అనే అమెరికా వైద్య పత్రికలో వైద్యులు గట్టిగా రాశారు. "ఆ నాలుక కింద మందు వేయండి" అనేవాళ్లు ఇంకా ఉన్నారు!

అపోహ: బీపీ నార్మల్‌కి వచ్చింది, ఇక మాత్ర ఆపొచ్చు.

వచ్చింది మాత్ర వల్లే. పెళ్లికి వెళ్తూ మందుల డబ్బా ఇంట్లో మరిచిపోవడం చిన్న విషయం కాదు. గుండె జబ్బున్నవారు బీటా బ్లాకర్‌ను హఠాత్తుగా ఆపితే నొప్పి తిరగబెట్టొచ్చు, గుండెపోటూ రావచ్చు. ఆపాల్సి వస్తే డాక్టరు చెప్పినట్టు ఒకటి రెండు వారాల్లో డోసు తగ్గిస్తూ రావాలి.

అపోహ: ఎంత తగ్గితే అంత మంచిది.

ఇక్కడే మొదటి భయంలో కాస్త నిజముంది. గుండెకు రక్తం సడలే వేళ అందుతుంది కాబట్టి కింది అంకెను కూడా చూడాలి. నాళాల్లో బ్లాకులున్న పెద్దవారిలో అది 60 కంటే దిగుతుంటే డాక్టరుతో మాట్లాడండి. మంచం దిగగానే కళ్లు తిరుగుతుంటే, పడుకుని ఉండగా ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల లోపు మరోసారి బీపీ చూసి, ఆ రెండు రీడింగులూ రాసుకుని తీసుకురండి.