కణత మీద రెండు వేళ్లు

పర్లాకిమిడి,
ఆదివారం మధ్యాహ్నం.

చిట్టికీ, పెద్దబాబుకీ అమ్మమ్మ ఆశీస్సులు.

దసరా సెలవులకు మీరు వచ్చినప్పుడు ఎదురింటి మామ్మగారి చెవి ముందు రెండు వేళ్లు ఆనించి నేను కళ్లు మూసుకుని కూర్చున్నాను, గుర్తుందా? "నాడి చేతికి చూస్తారు గానీ చెవి దగ్గర చూస్తారేంటమ్మమ్మా?" అని చిట్టి అడిగింది. ఆవిడని శ్రీకాకుళం పంపించే హడావుడిలో జవాబు చెప్పలేకపోయాను. ఫోన్‌లో చెబుదామంటే పెద్దబాబు మధ్యలోనే లేచిపోతాడు. అందుకని ఉత్తరం రాస్తున్నాను.

ముందు మీ వేళ్లకు పని చెప్పండి. చెవి రంధ్రానికి ముందు చిన్న బుడిపె ఉంటుంది కదా, దానికి కాస్త ముందు, చెంప ఎముక మీద రెండు వేళ్లు మెల్లిగా పెట్టండి. గట్టిగా నొక్కితే ఏమీ తెలియదు. టిక్ టిక్‌మని కొట్టుకునేదే టెంపోరల్ ధమని. మెడలోంచి వచ్చే పెద్ద నాళానికి ఇది కొస కొమ్మ. కణత మీదకి ఎక్కి రెండుగా చీలి, ఒకటి నుదుటి వైపు, ఒకటి నడినెత్తి వైపు పోతుంది. కింద ఎముక, పైన పల్చటి చర్మం. అందుకే వేలికి ఇంత బాగా దొరుకుతుంది.

మామ్మగారికి వచ్చిన జబ్బు పేరు టెంపోరల్ ఆర్టరైటిస్. మన ఒంటిని కాపాడాల్సిన కణాలే ఈ నాళాల గోడల్లో చేరి వాపు తెస్తాయి. గోడ మందమై లోపలి దారి ఇరుకైపోతుంది. ఆ గోడ ముక్కని మైక్రోస్కోప్ కింద పెడితే ఒక్కోసారి పెద్ద పెద్ద కణాలు కనిపిస్తాయి కాబట్టి జెయింట్ సెల్ ఆర్టరైటిస్ అని కూడా అంటారు. 50 ఏళ్ల లోపు వాళ్లకి దాదాపు రాదు, ఎక్కువగా 70 దాటిన వాళ్లకే. మగవాళ్లకంటే ఆడవాళ్లకి రెండు మూడు రెట్లు ఎక్కువ. ఉత్తర ఐరోపా వాళ్లలో బాగా కనిపిస్తుంది, మన దగ్గర అరుదు. అరుదు కాబట్టే చూసేవాళ్లకి చప్పున తట్టదు.

ఆవిడ సంగతి బయటపడింది దువ్వెన దగ్గర. నూనె రాయబోతే కోడలి చెయ్యి తోసేసిందట, జడ వెయ్యనివ్వలేదట. చాదస్తం ముదిరిందనుకున్నారు ఇంట్లో. నాకు మాత్రం గుండె జారింది. 1890లో లండన్‌లో హచిన్సన్ అనే డాక్టరు ఒక ముసలాయన గురించి రాశాడు. కణతల మీద నాళాలు ఎర్రగా వాచి, ఆయన టోపీ పెట్టుకోలేకపోయాడట. ఆయనకి టోపీ, మన మామ్మగారికి దువ్వెన. కొందరికి దిండు మీద ఆ పక్కకి తల పెట్టినా నొప్పే.

నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒరియా వాళ్లు వస్తే "ముండొ బింధుచ్చి కి?" అని అడిగేదాన్ని. తల నొప్పిగా ఉందా అని. వాళ్లకి మొదటి మాట తల, మనకేమో తిట్టు. అవతల పాతపట్నం నుంచి కొత్తగా వచ్చిన నర్సు ఒకమ్మాయి అది విని బిత్తరపోయింది! అయితే ఏ భాషలో అడిగినా "తలనొప్పి ఉంది" అన్న జవాబుతో పెద్దగా ఏమీ తేలదు. తలనొప్పి ఎవరికి లేదు? ఇంతకుముందు ఎప్పుడూ లేని రకం నొప్పా, దువ్వితే నొప్పా, నమిలితే నొప్పా అని తవ్వి అడగాలి.

ఇక వేళ్ల సంగతి. ముసలివాళ్లలో, అందులోనూ సన్నగా ఉన్నవాళ్లలో, ఈ నాళం మెలికలు తిరిగి పైకే కనిపిస్తుంటుంది. అది చూసి కంగారు పడక్కర్లేదు. నొక్కితే మెత్తగా అణుగుతుంది, వదిలితే మళ్లీ కొట్టుకుంటుంది. జబ్బు నాళం అలా కాదు. నులక తాడులా గట్టిగా వేలికి తగులుతుంది. అక్కడక్కడ ముడులు, పూసలు గుచ్చినట్టు. ముట్టుకుంటే మనిషి మొహం చిట్లిస్తుంది. ఒక్కోసారి పైన చర్మం ఎర్రబారుతుంది. నాడి నీరసంగా ఉంటుంది, లేదా అసలు అందదు. రెండు వైపులా, రెండు కొమ్మల వెంటా, చివరిదాకా వేలు నడిపించాలి, ఎందుకంటే జబ్బు నాళం పొడుగునా ఒకేలా ఉండదు, మధ్యమధ్యలో వదిలేస్తుంది. మామ్మగారికి ఎడమ కణత మీద రెండు ముడులు దొరికాయి, వాటి పైన నాడి లేదు. నేను కళ్లు మూసుకున్నది దానికోసం వెతుకుతూనే.

పెద్దబాబుకి లెక్కలంటే ఇష్టం కదా, నీకోసం ఇది. పాత అధ్యయనాలన్నీ కలిపి అమెరికా డాక్టర్లు ఇద్దరు 2002లో లెక్క వేశారు. నాళం పూసలు గుచ్చినట్టుంటే ఈ జబ్బు ఉందనే అంచనా బలం 4.6 రెట్లు పెరుగుతుంది. నమిలితే దవడ నొప్పి అంటే 4.2 రెట్లు, ఒకటి రెండుగా కనిపిస్తోందంటే 3.4 రెట్లు. కణత ముట్టుకుంటే నొప్పి అన్నదానికి 2.6 మాత్రమే. ఇంకో సంగతి, జబ్బు ఖాయంగా ఉన్నవాళ్లలో కూడా నూటికి 35 మందికి కణతలో ఏ తేడా దొరకలేదు. కణత బాగుందని ఇంటికి పంపించెయ్యకూడదన్నమాట.

దవడ నొప్పి తమాషాగా ఉంటుంది. పన్ను నొప్పి కొరకగానే జివ్వుమంటుంది. ఇది మొదటి ముద్దకి రాదు. నమలగా నమలగా దవడ కండకి రక్తం చాలక పీకుతుంది, ఆపితే తగ్గుతుంది, మళ్లీ నమిలితే మళ్లీ మొదలు. నేను వేరుశెనగ చెక్కీ ఇచ్చి నమలమనేదాన్ని. మామ్మగారు సగంలోనే ఆపి చెయ్యి దవడకి వేసుకున్నారు. ఇది తెలియక బాగున్న పళ్లు పీకించుకున్నవాళ్లు ఉన్నారు.

కంటి గురించి రాయడానికి నాకు చెయ్యి ఆడదు, అయినా రాస్తాను. ఉద్యోగం మొదట్లో, కొండ మీద ఊరి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. కుడికంటికి తెర దిగినట్టయి మళ్లీ వెళ్లిపోయిందన్నాడు. కన్ను ఎర్రగా లేదు, నొప్పి లేదు. వయసు చూసి కంట్లో పొర (శుక్లం) అనుకున్నాను, కంటి శిబిరం పెట్టినప్పుడు చూపించుకో తాతా అన్నాను. పది రోజులకి మనవడు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆ కన్ను పోయింది, రెండోది మసకలో ఉంది. అప్పుడు కణత ముట్టుకున్నాను. తాడులా ఉంది. మొదటి రోజు నా వేళ్లు అక్కడిదాకా పోలేదు.

పొర నెలల తరబడి మెల్లిగా ముదురుతుంది. ఈ జబ్బుతో చూపు ఉన్నట్టుండి పోతుంది, కంటి నరానికి రక్తం ఆగిపోవడం వల్ల. టార్చి ఒక కంటి మీద, వెంటనే రెండో కంటి మీద వేస్తూ ఊపాలి. నరం బాగుంటే వెలుగుకి కంటిపాప చిన్నదవుతుంది. నరం దెబ్బతిన్న కంటి మీదకి వెలుగు వచ్చినప్పుడు రెండు పాపలూ పెద్దవవుతాయి. పొర ఒక్కటే ఉంటే ఇలా జరగదు. ఈ పరీక్ష కంటిపాపని పెద్దది చేసే చుక్కల మందు వెయ్యకముందే చెయ్యాలి, వేశాక పాపలు కదలవు. తర్వాత లోపల చూస్తే నరం మొదలు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉబ్బి ఉంటుంది. అలా పోయిన చూపు చాలావరకు తిరిగి రాదు. రెండో కన్ను కూడా రోజుల్లోనే పోవచ్చు.

మిగిలినవి గబగబా చెప్తాను. బీపీ రెండు చేతులకీ చూడాలి, బాగా తేడా ఉంటే చేతికి వెళ్లే పెద్ద నాళం ఇరుకైందేమో. మెడ మీద, చంకలో స్టెతస్కోప్ పెట్టి గాలి ఊదినట్టు శబ్దం వస్తుందేమో వినాలి. గుండె కూడా వినాలి. పొద్దున్నే భుజాలు పట్టేసి చెయ్యి పైకి ఎత్తి ముడి వేసుకోలేకపోవడం కూడా దీనికి తోడు వస్తుంటుంది. కండలో బలం ఉంటుంది, నొప్పి ఎత్తనివ్వదు. లోజ్వరం, బరువు తగ్గడం సరేసరి.

ఒంట్లో వాపు ఉందేమో చెప్పే రక్త పరీక్ష, ఈఎస్సార్, మామ్మగారికి బాగా ఎక్కువ వచ్చింది. చూపు ఇంకా బాగానే ఉంది కాబట్టి ఆ సాయంత్రమే వాపు తగ్గించే స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టించారు. కణత దగ్గర చిన్న ముక్క తీసి పరీక్షకి పంపడం తర్వాత చేశారు. మందు మొదలుపెట్టిన రెండు వారాల్లోపు తీసినా జబ్బు జాడ సాధారణంగా దొరుకుతుంది, కాబట్టి ముక్క కోసమని మందు ఆపి కూర్చోరు. రెండో రోజుకే తలనొప్పి సగం తగ్గిందట.

ఇప్పుడు ఆవిడ రోజూ అరుగు మీద కూర్చుని నాతో పోట్లాడుతున్నారు. మొహం ఉబ్బిందట, సుగర్ పెరిగిందట, మాత్రలు మానేస్తారట. మెల్లమెల్లగా తగ్గించాలి, ఏడాది పైనే పడుతుందంటే నా మాట నమ్మట్లేదు. నిన్న చెక్కీ మాత్రం ఇంకోటి అడిగి తిన్నారు.

ప్రేమతో,
అమ్మమ్మ