ఇంటి సోలార్‌పై న్యూయార్క్ రాష్ట్ర పన్ను క్రెడిట్: అపోహలు - వాస్తవాలు

న్యూయార్క్ రాష్ట్రంలోని తెలుగు కుటుంబాలకు ట్యాక్స్ రిటర్నులు సిద్ధం చేయడం నా వృత్తి. కప్పు మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించుకున్నవారికి రాష్ట్రం పన్ను క్రెడిట్ ఇస్తుంది, అంటే కట్టవలసిన పన్నులోంచి కొంత మొత్తాన్ని నేరుగా తగ్గిస్తుంది. దీని గురించి వారు నా దగ్గరకు తెచ్చే అపోహల్లో కొన్నింటి వల్ల వారికి న్యాయంగా రావలసిన సొమ్ము చేజారుతోంది.

అపోహ: ఫెడరల్ క్రెడిట్ పోయింది, ఇక రాష్ట్రానిదీ లేనట్టే.

వాస్తవం: ఇళ్ల యజమానులకు ఖర్చులో 30 శాతం ఇచ్చిన ఫెడరల్ క్రెడిట్ 2025 డిసెంబరు 31తో ముగిసిన మాట నిజమే. న్యూయార్క్ క్రెడిట్ మాత్రం రాష్ట్ర చట్టం ఇచ్చినది. అర్హమైన ఖర్చులో 25 శాతం, గరిష్ఠంగా 5,000 డాలర్ల వరకు, ఐటీ-255 ఫారం ద్వారా కోరవచ్చు.

అపోహ: మాకు ఏటా రిఫండే వస్తుంది, కట్టవలసిన పన్నేమీ ఉండదు, కనుక ఈ క్రెడిట్ మాకు పనికిరాదు.

వాస్తవం: నేను చూసినంతలో ఎక్కువ నష్టం చేసేది ఈ అపోహే. రిఫండ్ వచ్చిందంటే పన్ను లేదని కాదు, జీతంలోంచి పన్నుకంటే ఎక్కువ కోశారని అర్థం. మీ రాష్ట్ర పన్ను 3,200 డాలర్లుగా తేలిందనీ, ఏడాది పొడవునా జీతంలోంచి 3,600 కోశారనీ అనుకుందాం. మామూలుగా 400 తిరిగి వస్తుంది. 5,000 డాలర్ల క్రెడిట్ ఉంటే పన్ను సున్నా అయి, కోసిన 3,600 మొత్తం తిరిగి వస్తుంది. మిగిలిన 1,800 క్రెడిట్‌ను నగదుగా ఇవ్వరు కానీ, తర్వాతి 5 సంవత్సరాల పన్నులో తగ్గించుకోవచ్చు.

అపోహ: కోటేషన్‌లో ఉన్న మొత్తంపై 25 శాతం వస్తుంది.

వాస్తవం: పన్ను పడని ప్రభుత్వ గ్రాంటు ఏదైనా అందితే దాన్ని ముందు తీసివేయాలి. అప్పు మీద కట్టే వడ్డీ లెక్కలోకి రాదు, ఈతకొలను నీళ్లు వేడిచేసే పరికరాలకూ క్రెడిట్ లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, అది మీరు ప్రధానంగా నివసించే ఇల్లై ఉండాలి. ఒకసారి భార్యాభర్తలిద్దరు ఇన్‌స్టాలర్ ఇచ్చిన కాగితాన్ని నా బల్లమీద పరిచారు. అందులో అసలు ధర, దాని కింద ‘రాష్ట్ర క్రెడిట్ 5,000’ తీసివేత, చివర గీతకింద నికర ధర వరుసగా ఉన్నాయి. ప్యానెళ్లు పెట్టించింది వారు అద్దెకిచ్చిన ఇంటికి. ఆ తీసివేత చెల్లదని చెప్పవలసి వచ్చినప్పుడు నాకు చాలా బాధ కలిగింది, ఎందుకంటే ఈ ఒక్క ప్రశ్నను సంతకానికి ముందే ఎవరైనా అడిగి ఉండవలసింది.

అపోహ: సోలార్ ప్యానెళ్లను కొనకుండా లీజుకు తీసుకున్నవారికి క్రెడిట్ ఉండదు.

వాస్తవం: ఒప్పందం కనీసం 10 సంవత్సరాలదైతే ఉంటుంది, ఏ ఏడాది చెల్లింపులపై ఆ ఏడాది లెక్కిస్తారు.

అపోహ: డాలస్‌లోని బంధువులకూ ఇవే నిబంధనలు వర్తిస్తాయి.

వాస్తవం: టెక్సస్‌లో వ్యక్తులపై రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు కనుక అలాంటి క్రెడిట్‌కు తావు లేదు. అక్కడి వెసులుబాటు ఆస్తి పన్నులో ఉంది: సోలార్ వల్ల పెరిగిన ఇంటి విలువకు మినహాయింపు కోరవచ్చు. నార్త్ కరోలినా 35 శాతం క్రెడిట్ 2015 చివరితో ముగిసింది. మసాచుసెట్స్‌లో 15 శాతం, గరిష్ఠంగా 1,000 డాలర్లు. సౌత్ కరోలినా 25 శాతం క్రెడిట్‌ను ఇళ్లకే కాక వ్యాపారాలకూ ఇస్తుంది, వాడుకోలేనిది 10 సంవత్సరాలు ముందుకు తీసుకెళ్లవచ్చు.

అపోహ: డిసెంబరులో అడ్వాన్సు కట్టాం, క్రెడిట్ ఈ ఏడాదికే వస్తుంది.

వాస్తవం: న్యూయార్క్‌లో సొంతంగా కొన్న వ్యవస్థకు, అది వాడుకలోకి వచ్చిన సంవత్సరమే లెక్క. ఫిబ్రవరిలో ఆన్ చేస్తే ఆ కొత్త సంవత్సరపు రిటర్నులోనే కోరాలి. అందుకే వ్యవస్థను ఆన్ చేయడానికి విద్యుత్ సంస్థ ఇచ్చే అనుమతి పత్రాన్ని బిల్లులతో కలిపి దాచమని అందరినీ అడుగుతాను.