సౌరాన్ చేతికి సన్నాయి ఎలా వచ్చింది?

‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ సినిమాలు మళ్ళీ చూస్తుంటే ఈసారి బొమ్మని కాసేపు వదిలేసి చెవి మాత్రం పెట్టండి. మోర్డోర్, అంటే కథలో విలన్ సౌరాన్ ఏలే చీకటి రాజ్యం, ప్రస్తావన గట్టిగా వచ్చే చోట్ల, అంత పెద్ద ఆర్కెస్ట్రా మీంచి, ముక్కుతో అరిచినట్టు ఒక ఊదుడు వాద్యం లేస్తుంది. దాని పేరు రైటా. ఉత్తర ఆఫ్రికాది, మొరాకోలో పెళ్ళిళ్ళకీ ఊరేగింపులకీ వాయిస్తారు. నోటి కొసన రెండు రెల్లు రేకులు పెట్టి ఊదేది కాబట్టి మన నాగస్వరానికీ సన్నాయికీ దగ్గర చుట్టమే. మన పెళ్ళిలో గట్టిమేళం మోగిందంటే తాళి కడుతున్నారు, అక్షింతలు వెయ్యండని అర్థం. అక్కడేమో దాదాపు అదే గొంతు వినిపిస్తే సౌరాన్ లేచాడని అర్థం!

ఇది ఈ సినిమాలకి సంగీతం ఇచ్చిన హోవార్డ్ షోర్ ఒక్కడి బుర్రలో పుట్టిన ఆలోచన కాదు. దీని వెనక పెద్ద కథే ఉంది.

షోర్ కెనడావాడు, 1946లో టొరంటోలో పుట్టాడు. ఈ మూడు సినిమాలకి ముందు డేవిడ్ క్రోనెన్‌బర్గ్ తీసిన హారర్ సినిమాలకి సంగీతం ఇచ్చిన మనిషి, కాబట్టి జనాన్ని భయపెట్టడం ఆయనకి కొత్త కాదు. 2001, 2002, 2003ల్లో వరసగా వచ్చిన మూడింట్లో మొదటిదానికీ చివరిదానికీ నేపథ్య సంగీతానికి ఆస్కార్ వచ్చింది. ఒక్కో జాతికి, ఊరికి, వస్తువుకి ఒక్కో స్వరగుచ్ఛం పెట్టి, కథ మారుతున్నకొద్దీ దాన్నీ మారుస్తూ పోవడం ఆయన పద్ధతి. ఈ పద్ధతి జర్మన్ ఒపేరాది. 1821లో బెర్లిన్‌లో మొదటిసారి ఆడిన వేబర్ ఒపేరా ‘డెర్ ఫ్రైషుట్స్’లో సమియేల్ అనే దయ్యానికి ఒక గుర్తు ఉంది: వణికే తంత్రులు, కింది స్థాయిలో క్లారినెట్లు, వాటి కింద టింపనీ అనే పెద్ద డ్రమ్ముల దెబ్బలు. ఈ రోజుకీ హారర్ సినిమా బీజీఎంలో సగం అక్కడి సరుకే. ఒక్కొక్కరికి ఒక గుర్తు పెట్టే ఆ పద్ధతిని వాగ్నర్ అనే జర్మన్ స్వరకర్త పెద్ద వ్యవస్థగా మార్చాడు. ఆయన నాలుగు ఒపేరాల ‘రింగ్’ మొత్తంగా 1876లో బేరాయిట్‌లో ప్రదర్శించారు. అందులో మొదటి ఒపేరాలో పాతాళంలో బానిసలుగా పనిచేసే మరుగుజ్జుల కోసం ఏకంగా 18 దాగళ్ళు మోగించమని రాశాడు. అవును, కమ్మరి కొలిమి దగ్గరుండే దాగళ్ళే.

ఇప్పుడు ఐసెన్‌గార్డ్ సీను గుర్తు తెచ్చుకోండి, అది సౌరాన్ పక్షం చేరిన మాంత్రికుడి కోట. గోపురం పైన బందీగా ఉన్న మంచి మాంత్రికుడు గాండాల్ఫ్ దగ్గరికి ఒక చిన్న పురుగు ఎగిరి వస్తుంది, వెనక ఒక పిల్లవాడి గొంతు సన్నగా పాడుతుంది. అక్కణ్ణుంచి కెమెరా గోపురం వెంబడే కిందికి దూకి, చెట్లు నరికి మంటల్లో వేసే గోతుల్లోకి దిగుతుంది. దిగడంతోటే ఇనుము మోత: దాగళ్ళు, లోహపు పలకలు, పెద్ద డ్రమ్ములు. పియానో తీగల మీద గొలుసులతో కొట్టిన చప్పుడు కూడా ఈ మోతలో కలిపారు. వాగ్నర్ దాగళ్ళు నూటపాతికేళ్ళ తర్వాత మళ్ళీ కొలిమి ఎక్కినట్టే.

ఇంకో సంగతి, ఆ మోత ఐదు దెబ్బల లెక్కలో నడుస్తుంది. నాలుగుకి అలవాటుపడిన పాశ్చాత్య చెవికి ఐదు అంటే కాలు తడబడుతుంది, ఏదో యంత్రం తప్పుగా తిరుగుతోందన్న టెన్షన్ పుడుతుంది. ఇంగ్లీషు స్వరకర్త హోల్‌స్ట్ 1914లో యుద్ధదేవత మార్స్ మీద రాసిన సంగీతం కూడా ఐదు దెబ్బలదే. మరి మనకి? ‘తక తకిట’, ఖండచాపు, అంతే కదా. పట్నం సుబ్రహ్మణ్యయ్యర్ ‘పరిదానమిచ్చితే పాలింతువేమో’ అని బిలహరిలో దేవుడితో మేలమాడింది ఈ తాళంలోనే. అందులో రాక్షసత్వం వెతికినా దొరకదు.

మోర్డోర్‌కి ఉన్న ఇంకో గుర్తులో పక్కపక్కనే ఉండే రెండు స్వరాలు, మధ్య అర స్వరం తేడా. మన లెక్కలో షడ్జం, శుద్ధ రిషభం. సంగీతం టీచర్ దగ్గర మాయామాళవగౌళలో సరళీ స్వరాలు మొదలుపెట్టిన ప్రతి పిల్లా రోజూ పాడేదే ఇది. అలాగే ‘దయ్యపు స్వరాంతరం’ అని నెట్‌లో తెగ తిరిగే ట్రైటోన్, అంటే మూడు పూర్తి స్వరాల దూరం. వాగ్నర్ ఫాఫ్నర్ అనే డ్రాగన్‌ని ఈ అంతరంతోనే నిద్రపుచ్చాడు, టింపనీ మీద. మధ్యయుగంలో చర్చి దాన్ని నిషేధించిందన్న కథ మాత్రం ఉత్త పుకారు. అలాంటి నిషేధానికి ఆధారం లేదు, దయ్యం పేరు దానికి తగిలించి రాసిన సంగీత శాస్త్రవేత్తలు 18వ శతాబ్దం మొదట్లో కనిపిస్తారు. మన చెవికి అది షడ్జం నుంచి ప్రతి మధ్యమం, అంటే కల్యాణి రాగం. అంత నిండైన రాగం ఇంకోటి చూపించమనండి!

మళ్ళీ రైటా దగ్గరికొద్దాం, నన్ను కాస్త గుచ్చేది ఇదే. ఆటొమన్ టర్కీ సైన్యాలు జుర్నా అనే ఇలాంటి వాద్యాన్నీ పెద్ద డ్రమ్ములనీ వాయించుకుంటూ యూరప్ మీదికి వచ్చేవి. వియన్నాని 1529లో ఒకసారి, 1683లో ఇంకోసారి ముట్టడించాయి. భయం తగ్గాక అదే మోత ఫ్యాషన్ అయింది. 1782లో మొజార్ట్ తన టర్కీ కథ ఒపేరాలో తాళాలు, ట్రయాంగిల్, పెద్ద డ్రమ్ము పెట్టి వియన్నావాళ్ళని ఉర్రూతలూగించాడు. తూర్పువాళ్ళ మోత అంటే అయితే ప్రమాదం, లేకపోతే తమాషా అన్న అలవాటు అక్కడ పాతుకుపోయింది, హాలీవుడ్‌కి అది ఆస్తిలా అందింది. షోర్ పని గట్టుకుని ఎవర్నీ కించపరిచాడని నేను అనను. ఆయన అదే సినిమాల్లో మోరియా గనుల కోసం న్యూజిలాండ్‌లో మావోరీ, పసిఫిక్ దీవుల మగవాళ్ళ గొంతులు రికార్డు చేశాడు, అవి రాక్షసుల కోసం కాదు, మరుగుజ్జుల పోయిన వైభవం కోసం. కానీ షైర్ పల్లెకి ఐరిష్ తరహా విజిల్, ఫిడేలు ఇచ్చి, చీకటి రాజ్యానికి మొరాకో పెళ్ళి వాద్యం ఇవ్వడంలో ఆ పాత అలవాటు ఉంది, దాన్ని దాచలేం.

తమాషా ఏమిటంటే, కథలో అసలు దుష్టశక్తి ఉన్నది ఉంగరంలో. దాని చరిత్రకీ, అది మనుషులకి వేసే వలకీ ఆయన ఈ సరుకేదీ వాడలేదు. మొదటి సినిమా మొదట్లో ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ అన్న పేరు తెరమీద పడేటప్పుడు వచ్చేది ఉంగరం చరిత్రకి పెట్టిన స్వరమే, ఉంగరం చేతులు మారేటప్పుడు మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. అందులో దాగళ్ళు లేవు, అరుపుల్లేవు. వయొలిన్ల మీద ఊపిరి తీసి వదిలినట్టు పైకి లేచి కిందికి జారుతుంది, వినేవాడికి జాలేస్తుంది తప్ప భయం వెయ్యదు. ఇక ఉంగరం ఒకణ్ణి తనవైపు లాగాలనుకున్నప్పుడు పాడేది చర్చి పాటల్లాంటి చిన్నపిల్లల బృందం.